వెంకటి చెవి

నాకు నోటిదూల ఎక్కువంటరు మా కాలనీల. అననియ్యి. నల్లా కాడ వంతు తప్పినా, రేషన్ దుకాన్ల తూకం తక్కువైనా అడిగేది ఈ మల్లవ్వనే. అసుంటి నేను ఒక్క మాటను రెండేండ్లు కడుపుల పెట్టుకొని తిరిగిన. మా ఆయనకు చెవులు వినరావు. గదీ మాట.

ఆయన పేరు వెంకటి. మహారాష్ట్రల ఘుగ్గుస్ దిక్కు బొగ్గుబాయిల పని. భూమి లోపలికి దిగినంక, బొగ్గు తీసే ముందుగాల పైకప్పును ఇనుప కడ్డీతోని కొట్టి చూడాలె. గట్టి కప్పయితె ఖంగుమంటది, లోపల పగిలిందైతె ఉత్త డబ్బా లెక్క మోగుతది. ఈయన కొట్టి, విని, సై అంటెనే మిగతోళ్ళు ముందటికి పోయేది. ఇరవై ఏండ్లు గదే పని. ఆ చెవి మీద అందరికి ఎంత నమ్మకమంటె, కాలనీల కొత్త కుండ కొన్నా, పుచ్చకాయ తెచ్చినా మా ఇంటికే పట్టుకొస్తుండిరి, "జెర కొట్టి చూడే అన్నా" అనుకుంట. ఈయన వేలితోని కొట్టి, తల పక్కకు వంచి, పెద్ద జడ్జి లెక్క తీర్పు చెప్తుండె. నాకు నవ్వొచ్చేది.

మందు పేలిన చప్పుడు, డ్రిల్లు మిషిన్ల చప్పుడు ఇన్నేండ్లు విన్న చెవి ఊకె ఉంటదా? కుక్కర్ నాలుగు సీటీలు కొట్టినా పక్కకు కూసున్న మనిషి లేస్తలేడు. మొదలు బద్ధకమనుకొని మస్తు తిట్టిన. తర్వాత సమజైంది. గట్టిగ ఒర్లితె వింటడు, మెల్లగ మాట్లాడితె నోటి దిక్కు చూసి తెలుసుకుంటడు.

"డాక్టర్‌కు చెప్త. భూమి మీద ఏదన్న పని ఇస్తరు" అన్నడు ఆయన.

నేనే వద్దన్న. భూమి మీది పనికి జీతం తక్కువ. పిల్లలను అప్పుడే చంద్రాపూర్ల ఇంగ్లీషు బడిల ఏసినం. "ఇరవై ఏండ్ల చెయ్యి నీది. కడ్డీ తగిలితె చేతికి తెల్వదా?" అన్న. నా నోట్లకెల్లే వచ్చింది ఆ మాట.

పోయినేడు ఎండకాలంల ఈయన సై అన్న కప్పు కూలింది. మొండయ్య దాని కింద పడి సచ్చిపోయిండు. మొండయ్య ఈయనకు జోడీ, మా పక్క క్వార్టరే. ఆయన పెండ్లాం ఆగమ్మ నాకు ఒక్క కడుపుల పుట్టినదాని కన్న ఎక్కువ. ఎంక్వయిరీ చేసి ఎవ్వల తప్పు లేదని రాసుకపోయిన్రు. ఆ దినం మా ఆయన ఇంటికొచ్చి, గోడకు ఒరిగి కూసొని, "ఖంగుమన్నదే. నాకు ఖంగుమన్నట్టే అనిపించింది" అన్నడు. అంతే, మల్ల ఆ ముచ్చట మా ఇద్దరి నడుమ రాలె. తేలు కుట్టిన దొంగలోలె ఉన్నం. ఆగమ్మ ఏడ్చినప్పుడల్ల నేను గూడ పక్కకు కూసొని ఏడ్చిన. అది దొంగేడుపు కాదు, నిజంగనే ఏడ్చిన. గదే నాకు ఇంకా మంట.

ఆగమ్మకు మొగని నౌకరీ ఇస్తమన్నరు గని ఆ ఫైలు ఒక్క టేబుల్ మీదికెల్లి ఇంకో టేబుల్ మీదికి తిరుగుతనే ఉంది. ఇగ దాన్ని నమ్ముకుంటె కాదని, మొగడు పోతె వచ్చిన పైసలతోని ఒక పాత కారు కొందామనుకుంది. తన తమ్ముడు పోచన్నకు డ్రైవింగ్ వస్తది, ఘుగ్గుస్‌కు చంద్రాపూర్‌కు కిరాయికి నడుపుతడు. అప్పుడప్పుడే బజార్లకు కొత్తరకం కార్లు దిగుతున్నయి, ఉన్నోళ్ళంత పాతయి అమ్ముకుంటున్రు. చంద్రాపూర్ల కాంట్రాక్టులు చేసే రామకిషన్ అనే ఠేకేదార్ తన కారు బేరం పెట్టిండు. పైసలు తక్కువ చెప్పిండు గని, ఇంజన్ల ఏదో ఉందని ఒకరిద్దరు అన్నరంట.

"మెకానిక్‌లు పైసలిస్తె ఏదన్న చెప్తరు. మా అన్న వచ్చి వింటెనే తీస్కుంట" అన్నది ఆగమ్మ మా ఇంటికొచ్చి.

మా ఆయన నా మొఖం చూసిండు. నేను నేల చూసిన. ఈయన రానంటె ఎందుకు రావని అడుగుతది. ఐతారం పొద్దుగాల నలుగురం బస్సెక్కి పోయినం.

మేం పోయేవరకే రామకిషన్ ఇంజను స్టార్ట్ చేసి వేడి చేసి పెట్టిండు. సడక్ పక్కకు ఎదురుంగ చాయ్ దుకాన్, దాని ముందు పది మంది. పోచన్న లోపల కూసొని పెడల్ తొక్కుతుండు. మా ఆయన మరలు తిప్పే పొడుగు పేచ్‌కస్ తీస్కొని, ఒక కొస ఇంజను మీద, ఇంకో కొస చెవికి ఆనిచ్చి తల వంచిండు. ఆగమ్మ చేతులు జోడిచ్చినట్టే నిలబడ్డది.

పోచన్న కాలు తీసినప్పుడల్ల లోపల టక్ టక్ టక్ అని కొట్టుకుంటున్నది. నేను విన్న. పోచన్న గూడ విన్నడు.

"అన్నా, లోపల ఏదో కొడ్తున్నట్టుందే" అన్నడు కిటికీల నుంచి తల బైట పెట్టి.

పాత ఇంజనన్నంక ఆ మాత్రం ఆవాజ్ ఉంటదని రామకిషన్ నవ్విండు.

"నువ్వు జెర సప్పుడు చెయ్యకురా. అన్నను విననియ్యి" అన్నది ఆగమ్మ.

ఈయన తల లేపి, పేచ్‌కస్ తుడిచి, "ఏం లేదు. ఇంజను గుండు లెక్క గట్టిగుంది. తీస్కో చెల్లె" అన్నడు. ఆయన మొఖంల ఏడాది తర్వాత ఆ వెలుగు చూసిన. ఆగమ్మకు ఒక్క మంచి పని చేసిన అనుకున్నడు పిచ్చోడు.

ఆగమ్మ సంచిల చెయ్యి పెట్టింది. నేను ఊకుంటె మొండయ్య పానం పోతె వచ్చిన పైసలు ఈ డబ్బాల పోతయి. నోరు తెరిస్తె మొండయ్య ఎట్ల పోయిండో ఆమెకు తెలుస్తది. ఆమె చెయ్యి పట్టి చెట్టు కిందికి గుంజుకపోయిన.

"వదినె, కొనకు. ఇంజను కొట్టుకుంటున్నది."

"అన్న బాగుందన్నడు గదా."

"మీ అన్నకు వినరాదు."

ఆమె నవ్వింది, పరాచికం అనుకున్నది. నా మొఖం చూసినంక నవ్వు పోయింది.

"ఎప్పటి సంది?"

ఆరు నెల్ల సంది అనొచ్చు. ఆ అబద్ధం నాలిక మీదికి వచ్చింది గూడ. గని పక్క పక్క ఇండ్లల్ల ఉండి, ఒక్క గిన్నెల కూర తిని, ఇంకెన్ని అబద్ధాలు?

"రెండేండ్ల సంది" అన్న.

ఆమె పెదవులు మెల్లగ కదిలినయి, నెలలు లెక్కపెట్టుకున్నట్టు. సంచి మూసింది. కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. గప్పుడే ఈయన చేతులు తుడుచుకుంట మా దిక్కు వచ్చిండు. "ఏమాయె చెల్లె, బయానా పైసలిచ్చినవా?" అని నవ్వుకుంట అడిగిండు.

"వినరాకనే మా ఆయనను లోపలికి పంపినవా అన్నా?" అన్నది ఆగమ్మ. కోపం లేదు ఆ గొంతుల. మెల్లగ, చిన్నపిల్ల అడిగినట్టే అడిగింది.

కొంగు అడ్డముండె, నోరు కనబడలె ఈయనకు. నా దిక్కు తిరిగి, "ఏమంటుంది?" అన్నడు.

మెల్లగ చెప్తె వినడు. చెవి కాడికి పోయి ఒర్లిన. "వినరాకనే మొండయ్యను లోపలికి పంపినవా అంటుంది!" చాయ్ దుకాన్ కాడున్నోళ్ళు గిలాసలు పట్టుకొని మా దిక్కు తిరిగిన్రు. పోచన్న కారు దిగిండు.

ఈయన ఆగమ్మ దిక్కు తిరిగిండు.

"ఔ చెల్లె" అన్నడు. "నాదే తప్పు. నేనే చెప్పకుంట దాసిన."

డాక్టర్‌కు చెప్త అంటె పెండ్లామే వద్దన్నదని ఆయన అనలె. నేను గూడ అనలె.