నూటికి పద్నాలుగు

రాజుపాలెం దగ్గరి ఆ పల్లెలో సీతాపతి అయ్యవారంటే గిట్టేవాళ్లు లేరు. పురోహితుల ఇంట పుట్టి, ఏనాడూ మడక పట్టని మనిషి తమ పిల్లలకు సేద్యం నేర్పుతాననడం నల్లరేగడి రైతులకు ఒళ్లు మండించింది. ఆంధ్రరాష్ట్రం వచ్చి మూడేళ్లు కావస్తోంది. బడిలో చదువుతోపాటు చేతిపని ఉండాలని సర్కారు ఉత్తర్వు. "పలక పట్టుకోనీకి పంపితే పార పట్టిస్తాండాడు" అని అరుగుల మీద తిట్టుకునేవాళ్లు. అయ్యవారు మాత్రం తక్కువ తిన్నాడా? "మీ నాయన్లకు ఏం తెలుసురా" అని తరగతిలో పిల్లల ముందే వాళ్లను ఎద్దేవా చేసేవాడు.

బడి వెనక అర్ధెకరం మడి ఆయన ప్రాణం. పిల్లలు అందులో వంగ, చిక్కుడు వేశారు. ఆకు తిప్పి పురుగు గుడ్లు వెతికారు. పెంటకుప్పలో చెయ్యి పెట్టి వేడి చూశారు. కానీ ఆ నేల ఊరి పెద్ద ఆదినారాయణరెడ్డిది. ఎవరో అధికారి వచ్చినప్పుడు మెప్పు కోసం నోటిమాటగా ఇచ్చాడు, కాగితం ముక్క లేదు.

ఆ ఏడు ఎవరింటా విత్తనం లేదు. ముందటేటి కరువులో దాచుకున్న జొన్నలు కూడా సంకటిలోకే పోయాయి. మిగిలింది రెడ్డి పాతర ఒక్కటే. నేలలో గుంత తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, మన్నుతో మూసిన పాతర. దాన్ని విప్పిన రోజు అయ్యవారు పిల్లల చేత నాలుగు పిడికిళ్లు తెప్పించాడు.

పరీక్ష ఎనిమిదో తరగతి మైమూన్‌కు అప్పగించాడు. దూదేకుల దావూద్ కూతురు, లెక్కలో ఒక్క గింజ తప్పని పిల్ల. తడిగోనె మీద పది వరసలు, వరసకు పది గింజలు పేర్చింది. గోనెను చుట్టచుట్టి పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించింది. నాలుగో రోజు విప్పి, మొలకలు ఎంచి, పలక మీద రాసింది: నూటికి పద్నాలుగు.

అయ్యవారు మిగిలిన గింజల్లో ఒకటి కొరికి చూశాడు. ముక్కవాసన. పాతరలోకి తేమ దిగి, గింజ వేడెక్కి, లోపల ప్రాణం పోయింది. తినడానికి పనికొస్తుంది, విత్తడానికి కాదు. "రెడ్డి విత్తనం చచ్చింది" అని గెలిచినవాడిలా గట్టిగా అన్నాడు. పిల్లల నోళ్లకు మూతలుంటాయా? పొద్దుగూకేలోగా ఊరంతా పాకింది.

మరునాడు ఆదినారాయణరెడ్డి పదిమంది రైతులతో బడికి వచ్చాడు. వాళ్లను బడి ముందర నిలబెట్టి, అయ్యవారిని ఒక్కణ్ణే మడిలోకి పిలిచాడు.

"ఏం అయ్యోరూ, మా పాతర సచ్చిందంటివంట?"

"పరీక్షలో తేలింది రెడ్డిగారూ. కావాలంటే మళ్లీ చేయిస్తా."

"మా తాత నాటి నుంచి ఈ ఊరికి ఇత్తనం మాదే. గోనెగుడ్డలో గింజలు నానేసి ఒక దూదేకుల పాప నాకు చెప్తాదా?" రెడ్డి వంగమొక్క మీద ఉమ్మేశాడు. "పిల్లోళ్లు నీళ్లెక్కువ పోసి కుళ్లబెట్టినారని ఆడ చెప్పు. చెప్పకుంటే రేపు పొద్దున ఈ మడి మీద నా మడక తిరుగుతాది."

అయ్యవారు కోపం దిగమింగి మడి వైపు చూశాడు. ఒక్క అబద్ధమాడితే మడి నిలుస్తుంది, ముందుముందు ఎంతమంది పిల్లలు నేర్చుకుంటారో అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. పిరికితనం అనే మాటను మాత్రం మనసులోకి రానివ్వలేదు.

బడి ముందరికి రాగానే ఆ రైతుల్లోంచి దావూద్ వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యోరూ, నాకుండేది రెండెకరాలు. నేలలో ఈ తడి పదును పోతే మళ్లా రాదు. నువ్వు వద్దంటే మేకనమ్మి పొద్దుటూర్లో ఇత్తనం తెచ్చుకుంటా. సదువుకున్నోడివి, నువ్వెట్లంటే అట్ల. ఇత్తమంటావా?"

"విత్తుకో దావూదూ. విత్తనం మంచిదే. పిల్లలే నీళ్లు ఎక్కువ పోసి కుళ్లబెట్టారు."

"నేను పోయలా!" మైమూన్ తరగతిలోంచి దూసుకొచ్చింది. "అయ్యోరు చెప్పినంతే చిలకరించినా. నూటికి పద్నాలుగే..."

దావూద్ చెయ్యి ఆమె చెంప మీద ఛెళ్లుమంది. "అయ్యోరికే ఎదురు చెప్తాండావా? సదువు నేర్చింది దీనికా?"

అయ్యవారు అడ్డం పోలేదు. రెడ్డి మీసం దువ్వుకుని నవ్వాడు.

రెండు రోజుల్లో ఊళ్లో విత్తనం వేసే గొర్రులన్నీ కదిలాయి. మూడోనాడు మంచి జల్లు కూడా పడింది. వారమైంది, పది రోజులైంది. చేలు నల్లగా, బోడిగా పడున్నాయి. అక్కడొకటి, ఇక్కడొకటి మొలక. రెడ్డి చేలూ అంతే, కానీ ఆయనింట్లో తిండికి కొదవ లేదు. మిగిలినవాళ్లకు మళ్లీ విత్తడానికి గింజ లేదు, పదునూ లేదు. దావూద్ మేకనమ్మాడు, విత్తనానికి కాదు, నూకలకు.

బడి వెనక వంగ మాత్రం విరగకాసింది. అయ్యవారు పిల్లల్ని చుట్టూ నిలబెట్టి, కాయ కోయడం ఎట్లాగో చూపిస్తున్నాడు. మైమూన్ వచ్చింది. పది రోజుల తర్వాత అదే రావడం. మోకాళ్ల దాకా నల్లమన్ను. చేతిలో పలక.

"మా చేన్లో సాలెంబడి నూరు గింజలు తవ్వి ఎంచినా" అంది.

పలక ఆయన కాళ్ల దగ్గర పెట్టింది. నూటికి పద్నాలుగు.

"ఈ తూరి నీళ్లు పోసింది నేను కాదు అయ్యోరూ. వాన."