టైటానియం మీద నీటిబొట్టు

ఆరిన బట్టలు మడతపెడుతూ, ఈ వారం సాయంత్రాలు ఇంటికి రావడం ఆలస్యమవుతుందని చెప్పిందామె. "లైటు వేసి ఆర్పే పనికి ఇంత హడావిడేమిటి?" అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండా. అది వెటకారం కూడా కాదు. పదకొండేళ్లుగా ఆమె ఉద్యోగం అతనికి అర్థమైంది అంతే.

ఒక రకంగా నిజమే. దంతవైద్య కళాశాల ల్యాబులో ఆమె పని, పన్ను పోయినచోట దవడ ఎముకలో బిగించే చిన్న టైటానియం స్క్రూలను అతినీలలోహిత కాంతి కింద పెట్టడం. నెలల తరబడి పెట్టెలో ఉన్న స్క్రూ మీద గాలిలోని మలినం కంటికి కనపడని పొరలా పేరుకుంటుంది. అప్పుడు ఎముక దానికి త్వరగా అతుక్కోదు. కాంతి సోకితే ఆ పొర వదిలిపోతుంది. ఎంతసేపు సోకాలో, ఎంత దూరంలో పెట్టాలో మూడేళ్లు కొలిచి తేల్చింది ఆమే. జ్వరంతో ఉన్న కూతుర్ని ఒళ్లో పడుకోబెట్టుకుని వ్యాసం రాసిందీ ఆమే. ప్రొఫెసరు గారు దాని పైన తన పేరు పెట్టి, చివర్లో 'ల్యాబు సిబ్బందికి కృతజ్ఞతలు' అని చేర్చారు. "నువ్వు మా ఇంటి మనిషివమ్మా, నీకు వేరే పేరెందుకు?" అన్నారు ఆప్యాయంగా. ఇంటి మనిషంటే ఏమిటో ఆమెకి బాగా తెలుసు. నవ్వి ఊరుకుంది.

ఆ వారమే అత్తగారు పన్ను పెట్టించుకోవడానికి కళాశాలకి వచ్చింది. డాక్టరు పిలిచేలోగా కోడలి ల్యాబు చూస్తానంది. ఆమె రెండు టైటానియం బిళ్లలు తీసి, ఒక్కోదాని మీద ఒక్కో నీటిబొట్టు వేసింది. పెట్టెలోంచి తీసినదాని మీద, ఆ మలినం పొర వల్ల, బొట్టు పూసలా నిలబడింది. కాంతి సోకినదాని మీద పడీ పడగానే పల్చగా పరుచుకుంది. అత్తగారు కళ్లద్దాలు సర్దుకుని వంగి చూసింది. ఇంకోసారి వెయ్యమంది. మూడోసారి తనే వేసింది.

"ఇది కనిపెట్టిందెవరే?"

"కాంతి సంగతి ఎప్పుడో ఎవరో కనిపెట్టారత్తయ్యా. మన స్క్రూలకి ఎంత కావాలో తేల్చింది నేను."

ఆ గదిలో 'నేను' అనడం అదే మొదటిసారి.

"మీ మామయ్య పాఠాలన్నీ నేనే రాసిచ్చేదాన్ని," అంది అత్తగారు, మామూలుగా. "ఆయనకి సన్మానం చేసిన రోజు వచ్చినవాళ్లకి కాఫీలు కలుపుతూ వంటింట్లో ఉన్నాను."

డాక్టరు ఆవిణ్ణి లోపలికి పిలిచారు. కోడలు చేతులు తుడుచుకుని తిన్నగా ప్రొఫెసరు గదికి వెళ్లింది.

"మొదటి పేరు నాది ఉండాలి సార్. కొలతలు నావి, రాత నాది."

ఆయన కళ్లజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. వ్యాసం ఇంకా పంపలేదు కాబట్టి ఆలోచిద్దామన్నారు. అంటే ఇక వెళ్లమని.

"ఆలోచించండి సార్. కూర్చుంటాను."

కూర్చుంది. చివరికి ఆయన కాగితం దగ్గరికి లాక్కుని, పెన్ను మూత తీసి, కాస్త తటపటాయించి, ఆమె పూర్తి పేరు ఎలా రాస్తారని అడిగారు.

ఆమెకి కోపం రాలేదు. ఒక్కొక్క అక్షరమే, తీరిగ్గా, చెప్పింది.