అడుగు లేని నేల

శనివారాలు నావి. నా కొడుకు వెలిమిర్, కోడలు తియానా ఇద్దరికీ శనివారం కూడా డ్యూటీ ఉంటుంది. అందుకని మనవడు వూకన్‌ని శుక్రవారం సాయంత్రం నా దగ్గర దింపి, ఆదివారం పొద్దున తీసుకెళ్లేవాళ్లు. వాడు నా తివాచీ మీద బిస్కట్ పొడి రాల్చేవాడు, నేను తిట్టేదాన్ని, వాడు నవ్వేవాడు. ఈ వయసులో అంతకన్నా భోగం ఏముంటుంది? ఆ శనివారాలను నా వియ్యపురాలు దెసాంకా పట్టుకుపోయింది.

దెసాంకాది దెలిబ్లాతో అనే పల్లెటూరు. మట్టి గోడల ఇల్లు, పాత చెక్క నేల. నాది పాంచెవో పట్నంలో నదికి దగ్గరగా ఉన్న ఇల్లు. ప్లాస్టిక్ కిటికీలు, గదంతా గోడ నుంచి గోడకు అంటించిన మెత్తటి తివాచీ. మా వీధిలో అలాంటి తివాచీ మొదట వేయించింది నా మొగుడే, పాపం, ఇప్పుడాయన లేడు. ఇంత ఇల్లు పెట్టుకుని, ఆ చెక్కల కొంప ముందు నేను ఓడిపోవాలా?

అసలు గొడవ దగ్గుతో మొదలైంది. నా ఇంట్లో పడుకున్నప్పుడల్లా వూకన్‌కి దగ్గు, ఛాతీలో పిల్లికూతలు. జలుబు అనుకున్నాను. కిటికీలు ఇంకాస్త గట్టిగా బిగించాను, హీటర్ పెంచాను, వాడి మెడకి ఉన్ని గుడ్డ చుట్టాను. మా జనం దేవుడికైనా భయపడరేమో గానీ ప్రొమాయాకి భయపడతారు. ఎదురెదురు కిటికీల మధ్య దూసుకుపోయే గాలికి మేం పెట్టుకున్న పేరు అది. మెడ పట్టేసినా, పన్ను సలిపినా, మూతి వంకరపోయినా దాని పనే అంటాం. దాని తర్వాత మా భయం వట్టికాళ్లతో చల్లటి నేల మీద నడవడం. ఇంటి చెప్పులు లేకుండా ఒక్క పిల్లాణ్ణీ నా గడప లోపల నడవనివ్వలేదు నేను.

తియానా వాణ్ణి చూపించిన డాక్టరమ్మ మాత్రం దగ్గు సంగతి వదిలేసి, పిల్లాడు పడుకునే గదిలో నేల మీద ఏముంది, గోడలకి చెమ్మ ఉందా అని అడిగిందట. కోడలు వచ్చి కోటు కూడా విప్పకుండా చెప్పింది.

"అత్తయ్యా, ఏమీ అనుకోవద్దు. ఆ తివాచీ తీసేసి, గోడలకి చెమ్మతో పట్టిన బూజు వదిలించేదాకా వూకన్ ఇక్కడ పడుకోడు. శనివారాలు మా అమ్మ దగ్గరుంటాడు."

"మీ అమ్మ దగ్గరా? ఆ ఇంట్లో కిటికీ మూస్తే తలుపు తెరుచుకుంటుంది! పిల్లాణ్ణి గాలికి ఆరేస్తుందా ఏంటి?"

"అక్కడ దగ్గట్లేదు కదా అత్తయ్యా."

"అక్కడ దగ్గినా నీకు వినపడదులే."

ఈ మాట అన్నాక కాస్త ఎక్కువైందని తెలిసింది. వెనక్కి తీసుకోలేదు.

మా ఇంట్లో బూజేమిటి? బీరువా వెనక మూలలో కొంచెం నల్లగా ఉండేది, నిజమే. ప్రతి వసంతంలో సున్నం కొట్టించేదాన్ని, శీతాకాలానికి మళ్లీ వచ్చేది. పాత ఇంటికి మచ్చలుంటాయి, ముసలిదానికి ముడతలున్నట్టే. దానికి పిల్లాణ్ణి ఎత్తుకుపోతారా?

కడుపుమంట చల్లారక ఓ శనివారం చెప్పకుండా బస్సెక్కి దెలిబ్లాతో వెళ్లాను. ఆ ఇంటి లోపం నా కళ్లతో చూసి కొడుకుతో చెప్పాలని. వెళ్లేసరికి ఏముంది! బయట మంచు, లోపల కిటికీ బెత్తెడు తెరిచి ఉంది. నా మనవడు వట్టికాళ్లతో చెక్క నేల మీద బొమ్మ ట్రాక్టర్ తోలుతున్నాడు.

"రా వదినా, రా! చెప్పుంటే కోడిని కోసేదాన్ని కదా," అంది దెసాంకా, పిండి చేతులతోనే నన్ను కావలించుకుంటూ.

"కోడి సంగతి తర్వాత. పిల్లాడి కాళ్లకి చెప్పులేవి?"

"విప్పేశాడు వదినా. చెక్క వెచ్చగానే ఉంటుందిలే."

"కిటికీ కూడా వాడే తీశాడా?"

"అది నేనే తీశా. బట్టలు ఉడకబెట్టా పొద్దున, ఆవిరి పోవద్దూ?"

నేను కోటు విప్పకుండా కూర్చున్నాను. వాడు పరిగెత్తాడు, అరిచాడు, నా ఒళ్లోకి ఎక్కి గంతులేశాడు. ఒక్కసారైనా దగ్గుతాడేమోనని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. సిగ్గులేకుండా చెప్తున్నాను, వాడు దగ్గాలని కోరుకున్నాను. దగ్గలేదు. పైగా నా చెవిలో, "నాయనమ్మా, ఇక్కడ నా ఛాతీ ఈల వెయ్యట్లేదు," అన్నాడు. దెసాంకా విననట్టు నటించింది. ఆ నటన చూసి ఇంకా ఒళ్లు మండింది.

ఇంటికొచ్చి వెలిమిర్‌ని పిలిపించాను.

"ఆ బీరువా జరుపు. తివాచీ ఎత్తు. కింద ఏమీ లేదని నీ పెళ్లానికి తెలియాలి."

వాడు బీరువా జరిపి, తివాచీ మూల పట్టుకుని లాగాడు. జిగురు ఊడుతున్న చప్పుడు, వెంటనే తడిసిన నేలమాళిగ లాంటి వాసన. తివాచీ అడుగంతా నల్లగా, బొచ్చుబొచ్చుగా, గోడ నుంచి మంచం కిందదాకా పాకి ఉంది. సరిగ్గా వూకన్ తలగడ పెట్టుకునే చోటుకి.

"అది నీడరా," అన్నాను.

"నీడకి వాసనొస్తుందా అమ్మా?"

నేను బయటికెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. నేను తుడిచిందంతా పైన, అదంతా కింద. వాడు దగ్గితే గది ఇంకా బిగించి, ఆ గాలే మళ్లీ వాడితో పీల్పించాను. దెసాంకా గెలిచిందని కాదు, వాడికి నా ఇంట్లో ఊపిరాడలేదని ఏడుపొచ్చింది. నిజం చెప్పాలంటే కొంచెం దెసాంకా గెలిచిందని కూడా.

తివాచీ ముక్కలుగా కోసి మూటకట్టి పారేశారు. గోడల పాత సున్నం గీకి, బూజు మందు రాసి, చెమ్మ ఎక్కకుండా నేలలో ఓ పొర వేయించారు. అదంతా ఆరాలంటే వసంతం దాకా ఆగాలన్నాడు వెలిమిర్. చలికాలం శనివారాలన్నీ దెసాంకావే. ఫోన్లో వాడు అమ్మమ్మ కుందేళ్ల కబుర్లు చెప్తుంటే నేను ఊ కొట్టేదాన్ని. కుందేళ్ల మీద కూడా అసూయ పడే స్థితికొచ్చాను.

వసంతంలో కొత్త నేల కొనడానికి కోడలితో కలిసి దుకాణానికి వెళ్లాను. నా కళ్లు ముందే లామినేట్ పలకల మీద పడ్డాయి. బంగారు రంగు ఓక్ చెక్కలా, అద్దంలా మెరుస్తోంది. దెసాంకా నేల దీని ముందు కట్టెపుల్ల.

"ఇదే," అన్నాను.

"అత్తయ్యా, ఇది లోపలంతా నొక్కిన రంపపు పొట్టు. మన ఇంట్లో కాస్త చెమ్మ తగిలితే ఉబ్బుతుంది. కింద మళ్లీ అదే బూజు."

"మరి ఆ మెత్తటి ప్లాస్టిక్‌ది?"

కోడలు దాని ముక్క నా ముక్కు దగ్గర పెట్టింది. కొత్త రబ్బరు బూట్ల వాసన. ఊపిరాడని పిల్లాణ్ణి ఆ వాసనలో పడుకోబెట్టలేను. అమ్మే అమ్మాయి వరుసగా చూపిస్తోంది. నేను ప్రతిదాన్నీ తిరగేసి వెనకవైపు చూస్తున్నాను. ఆ అమ్మాయి నవ్వింది.

"ఆంటీ, అందరూ పైవైపు చూస్తారు."

"పైవైపు చాలా ఏళ్లు చూశానమ్మా. అడుగంటూ లేనిది కావాలి నాకు. కింద ఏదీ దాక్కోకూడదు."

చివరికి నేలకే అంటుకుపోయే టైల్స్ తీసుకున్నాను. నునుపు తక్కువ, బూడిద రంగు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. చూడ్డానికి పాల కేంద్రంలా ఉన్నాయి. చల్లటి టైల్స్ మీద నా మనవడు! మా అమ్మ బతికుంటే నన్ను ఇంట్లోంచి గెంటేసేది. మెత్తన లేదు, మెరుపు లేదు, వీధిలో ఎవరికీ చూపించుకోవడానికి ఏమీ లేదు. అయినా వేయించాను. బీరువాని గోడకి జానెడు దూరం జరిపాను, గదిలో ఆరేసే తడిబట్టలు పెరట్లోకి మార్చాను. రోజూ పొద్దున్నే నడుముకి ఉన్ని పట్టీ, మెడకి శాలువా కట్టుకుని, యుద్ధానికి వెళ్తున్నట్టు రెండు వైపులా కిటికీలు తెరిచేదాన్ని. పక్కింటి యెలిసావెతా గోడ మీంచి నన్ను పేరు పెట్టి అరిచింది.

"రాదోయ్‌కా, చచ్చిపోతావే!"

"పోతే పోతాను. శనివారం దాకా ఆగుతాను!"

మొదటి శనివారం వూకన్ వచ్చాడు. గదంతా చెప్పులతో ఒకసారి, విప్పేసి ఒకసారి పరిగెత్తాడు. నేను పళ్లు బిగపట్టుకుని ఊరుకున్నాను. మధ్యాహ్నం తిని పడుకున్నాడు. అప్పుడే దెసాంకా దిగింది, చంకలో చుట్ట చుట్టిన చింకిపాతల చాప. తనే నేసిందట, మంచం పక్కన వేసి ఎప్పుడంటే అప్పుడు ఉతుక్కోవచ్చట. నా కొత్త నేల చూడ్డానికి కూడా చెయ్యి ఖాళీగా రాదు ఈ మనిషి, అనుకున్నాను.

ఇద్దరం తలుపు దగ్గర నిలబడి విన్నాం. వాడి ఊపిరి మెత్తగా, ఎక్కడా ఆగకుండా వస్తోంది. దగ్గు లేదు, కూత లేదు. చలికాలమంతా ఈ క్షణం కోసమే ఆగాను. దెసాంకా మొహం చూసి ఆనందిద్దామని తిరిగాను.

ఆమె తల వంచుకుని నేలకేసి చూస్తోంది.

"బాగుంది వదినా నేల," అంది, కాలివేలితో టైల్ రాస్తూ. "ఇంక మా ఊరికెందుకొస్తాడులే. వాడి మంచం మొన్ననే కుందేళ్లు కనపడేట్టు కిటికీ పక్కకి జరిపించా."

నాకు ఆ గొంతు తెలుసు. చలికాలమంతా ఫోన్ పెట్టేశాక నా గొంతూ అలాగే ఉండేది. జాలేసింది, అబద్ధం చెప్పను. ఆమె చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లి కాఫీ పెట్టాను, ఎవరికీ పొయ్యకుండా దాచుకున్న ప్లమ్ పండ్ల సారా కూడా పోశాను. చాపని వాడి మంచం పక్కనే పరిచాను. ఇకనుంచి ఆదివారం పొద్దున వచ్చి వాణ్ణి రెండ్రోజులు తీసుకెళ్లు, కుందేళ్లు ఎదురుచూస్తుంటాయి అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని నన్ను ముద్దు పెట్టుకుంది.

"మరి శనివారం వదినా?" అంది మెల్లిగా.

"కాఫీ చల్లారిపోతోంది, తాగు," అన్నాను.