ఆరు సిలిండర్ల ఆదివారాలు

నేను ఒక ఇంజనుని. పెట్రోలుతో నడిచేదాన్ని, ఆరు సిలిండర్లదాన్ని. పుట్టింది సముద్రాల అవతల ఒక కర్మాగారంలో. అక్కడి మనుషుల ముఖాలేవీ గుర్తులేవు. చివర్లో నా మూత మీద అరచేత్తో రెండుసార్లు తట్టి పంపిన ముసలి కార్మికుడొక్కడే గుర్తున్నాడు.

నన్ను ఏ పందెపు బండిలోనో బిగిస్తారనుకున్నాను. బిగించింది నాలుగు తలుపుల కుటుంబం కారులో. బూడిదరంగు ఒళ్లు, వెనక ముగ్గురు కూర్చునే సీటు, డిక్కీలో బియ్యం బస్తా పట్టేంత చోటు. బయటి నుంచి చూస్తే ఎవరో బ్యాంకు మేనేజరు కారనుకుంటారు. లోపల రెండొందల డెబ్బై గుర్రాల బలంతో నేను! పిల్లల్ని బడికి దింపే బండికి ఇంత బలం ఎందుకు పెడతారో చాలాకాలం నాకు అంతుపట్టలేదు. నరహరి గారి చేతికి వచ్చాకే తెలిసింది.

విశాఖపట్నం హార్బరులో ఆయన పైలట్. అంటే విమానాలు నడపడం కాదు. బయట సముద్రంలో ఆగిన ఓడ ఎక్కి, దాన్ని ఇరుకు కాలువలోంచి రేవు దాకా తీసుకొచ్చే ఉద్యోగం. కొండంత ఓడని మనిషి నడిచేటంత వేగంతో, ఎక్కడా రాసుకోకుండా తేవాలి. పగలంతా అలా ఊపిరి బిగబట్టి పనిచేసిన మనిషి సాయంత్రం నా దగ్గరకొచ్చేవారు. ఊరు దాటి రోడ్డు ఖాళీ అయ్యాక కాలు కిందికి నొక్కేవారు. నేను గొంతెత్తేదాన్ని. అప్పుడు ఆయన వదిలే నిట్టూర్పు నా గర్జనలో ఎవరికీ వినిపించేది కాదు.

నేను ఇంటికొచ్చిన రోజున ఆయన భార్య సుభాషిణి గారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "కూరగాయలు తేవడానికి ఇంత ఇంజనెందుకండీ?" అన్నారు. ఆవిడ బాలికల హైస్కూల్లో లెక్కల టీచరు. ఆ ప్రశ్నకి ఆయన నవ్వి ఊరుకున్నారు. తర్వాతి ఏడాది నా మోత చాలలేదని సైలెన్సరు కూడా మార్పించారు.

ఆదివారం తెల్లారగానే భీమిలి రోడ్డులో సముద్రం కనిపించే ఒక టిఫిన్ హోటల్ ముందు మా సభ. పెద్ద ఇంజన్ల కార్లున్నవాళ్లు అయిదారుగురు చేరేవారు. పెసరట్లు తిని, చేతులు తుడుచుకుని, బానెట్లు ఎత్తేవారు. పసిపిల్ల పాలపళ్లు చూసినంత మురిపెంగా మా లోపల్లోపలికి చూసేవారు. పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు లెక్చరరు మస్తాన్ వలీ పొడుగాటి స్క్రూడ్రైవరు మొన నా మీద ఆన్చి, పిడి చెవికి పెట్టుకుని, డాక్టరులా కళ్లు మూసుకునేవాడు. "ఆరూ ఒకే మాట మీదున్నాయి సార్" అనేవాడు. ఆ మాటకి నరహరి గారి ముఖం, పిల్లాడికి ఫస్టు ర్యాంకు వచ్చిందని విన్నట్టు వెలిగేది. పన్నెండేళ్లు అలా గడిచాయి. నా యవ్వనమంతా ఆ ఆదివారాల్లోనే ఉంది.

ఒక ఆదివారం రొయ్యల ఎగుమతి చేసే అప్పలరాజు ఫోను చూస్తూ కెవ్వుమన్నాడు.

"ఏటండీ ఈ అన్యాయం! పైలట్ గారూ, మీ కారు కొత్త మోడల్లో ఆరు సిలిండర్ల ఇంజను తీసేశారంట. ఇకన్నీ హైబ్రిడ్లేనంట!"

మస్తాన్ వలీ ఫోను తీసుకుని చదివాడు. "నాలుగు సిలిండర్ల చిన్న ఇంజను, తోడుగా బ్యాటరీ, మోటారు. పెట్రోలు సగమే తాగుతుంది. పికప్పు కూడా తక్కువేం కాదు సార్. లెక్క బాగానే ఉంది. మనసే ఒప్పుకోవట్లేదు."

"సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోద్దంట! మా ఆవిడ మిక్సీ నయం బాబూ, మీట నొక్కితే అరుస్తాది" అన్నాడు అప్పలరాజు.

నరహరి గారు లేచి నా బానెట్ మీద చెయ్యేశారు. "దాన్ని కొన్నవాడు మళ్లీ ఈ హోటల్ మెట్టెక్కకూడదు. ఒట్టు వెయ్యండి."

అందరూ ఆయన చేతి పక్కన చేతులు ఆన్చారు. నేను పొంగిపోయాను. మనుషులు ఒట్లు ఇంట్లోవాళ్లని అడక్కుండానే వేస్తారని నాకప్పటికి తెలియదు.

మూడు నెలలు తిరిగాయి. ఒక సోమవారం నరహరి గారు నన్ను స్టార్టు చేసి గేటు దగ్గర నిలబెట్టారు. సుభాషిణి గారు చేతిలో ఫైలుతో బయటికొచ్చి, వీధిలో ఆగిన ఆటో వైపు నడిచారు.

"ఎక్కడికి? నేను దింపుతాగా!"

"చెవి డాక్టరు దగ్గరికండీ. ఆటోలో వెళ్తాను."

"కారుండగా ఆటో ఏంటి?"

"దీంట్లో కూర్చుంటే నాకు తల తిరుగుతుందండీ. దిగాక గంటసేపు గోడ పట్టుకుని నిలబడాలి. రెండేళ్లయింది."

"రెండేళ్లా? మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పాను. రెండుసార్లు చెప్పాను. ఇంజను మోతలో మీకు వినపడలేదు."

అప్పుడు కూడా నేను మోగుతూనే ఉన్నాను. ఆయన లోపలికి వంగి తాళం తిప్పేశారు. ఆ తర్వాత వీధిలో ఆటో చప్పుడొక్కటే మిగిలింది. ఆయన కూడా అదే ఆటో ఎక్కి వెళ్లారు.

లోచెవిలో జబ్బట. మోత, కుదుపు, ఉన్నట్టుండి ముందుకి లాగడం ఆవిడకి పడవని డాక్టరు చెప్పాడట. మర్నాడే నరహరి గారు పాత సైలెన్సరు తిరిగి పెట్టించారు. ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రుషికొండ దాకా వెళ్లొచ్చారు. మెల్లగానే నడపాలనుకున్నారు పాపం. ముందు లారీ కనపడితే ఆయన కాలు ఆగలేదు, నేనూ ఆగలేదు. ఇంటిముందు దిగి ఆవిడ చాలాసేపు నా తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"చప్పుడు తగ్గిందండీ. మీ కాలే తగ్గలేదు" అని నవ్వబోయారు.

ఆయన ఆ నవ్వులో కలవలేదు. ఆ వారమంతా నన్ను తాకలేదు.

పదిహేను రోజుల తర్వాత గేటు తెరుచుకున్న కిర్రుమోత విన్నాను. కారు వచ్చిన అలికిడి మాత్రం లేదు. చూస్తే నా పక్కన తెల్లటి కొత్త కారు. నా పేరే, నా వంశమే. లోపల ఉన్నది మాత్రం నేను కాదు.

మరుసటి ఆదివారం ఆయన ఆవిడతో కొత్త కారులో బయల్దేరారు. నాక్కూడా అదే చివరి ఆదివారమని కబురు చేస్తే మస్తాన్ వలీ వచ్చి నన్ను వెనకే నడిపించాడు. హోటల్ ముందు కొత్త కారు ఆగినప్పుడు ఎవరూ తల తిప్పలేదు. వినపడితే కదా! నన్ను చూసి లేచారు. తర్వాత దాన్ని చూశారు.

అప్పలరాజు చేతిలో కాఫీగ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "ఒట్టేయించింది తమరే కదా పైలట్ గారూ?"

"నేనే. అందుకే మెట్టెక్కను. ఇక్కడే నిలబడి చెప్పి పోదామని వచ్చాను" అన్నారు నరహరి గారు. పన్నెండేళ్ల స్నేహాన్ని రోడ్డు మీద నిలబడి వదులుకోవడం ఆయనకి చేతకాలేదు.

సుభాషిణి గారు కారు దిగారు. "నా చెవి జబ్బు వల్ల కొన్నారండీ. మీరు ఆయన్ని వెలేస్తే ఆదివారాలు ఇంట్లో నా ప్రాణం తీస్తారు. మీకు దణ్ణం పెడతాను."

ఎవరో నవ్వారు. అప్పలరాజు నవ్వలేదు. మెల్లగా మెట్లు దిగొచ్చి, కొత్త కారు తలుపు తీసి లోపలికి చూశాడు.

"చెల్లెమ్మా, ఎనక సీట్లో నాకు జాగా ఉంటాదా? ఓపాలి తిప్పమను మీ ఆయన్ని. తిట్టడానికైనా తెలియాల గదా!"

వెళ్లి పావుగంటలో వచ్చారు. దిగిన అప్పలరాజుని అందరూ చుట్టుముట్టారు. "ఏం చెప్పమంటారు? బాగుంది. అదే నాకు ఒళ్లు మండుతోంది" అని నరహరి గారి భుజం పట్టుకుని హోటల్ మెట్లెక్కించాడు.

మస్తాన్ వలీ మాత్రం ఆ కారెక్కలేదు. నా బానెట్‌కి ఆనుకుని నిలబడే ఉన్నాడు. "సార్, దీన్ని పాత ఇనుములోకి పంపకండి. మా వర్క్‌షాపుకివ్వండి. పిల్లలకి కోసి చూపించను. నడిపే చూపిస్తాను" అని అడిగాడు. నరహరి గారు తలూపారు గానీ నా వైపు చూడలేదు.

ఇప్పుడు నేను పాలిటెక్నిక్ షెడ్డులో ఇనుప స్టాండు మీద ఉన్నాను. ఒళ్లు లేదు, చక్రాలు లేవు. పిల్లలు నా చుట్టూ నిలబడి నోట్సు రాసుకుంటారు. నెలకోసారి మస్తాన్ వలీ నన్ను స్టార్టు చేస్తాడు. రేకుల కప్పు అదురుతుంది, పిల్లలు ఈలలు వేస్తారు.

మొన్న నరహరి గారు, సుభాషిణి గారు వచ్చారు. ఆయన జుట్టు బాగా నెరిసింది. నా మూత మీద చెయ్యి పెట్టారు.

"స్టార్టు చెయ్యనా సార్?" అన్నాడు మస్తాన్ వలీ.

"వద్దు. ఆవిడకి పడదు."

సుభాషిణి గారు గుమ్మం అవతలికి వెళ్లి, రెండు చేతులతో చెవులు మూసుకుని, "పెట్టండి మస్తాన్ గారూ!" అని గట్టిగా అన్నారు.

మోగాను. ఉన్న బలమంతా పెట్టి మోగాను. ఆయన కళ్లు మూసుకున్నారు. నాలుగు క్షణాలైందో లేదో కళ్లు తెరిచి, గుమ్మం వైపు చూసి, చాలు అన్నట్టు చెయ్యి ఎత్తారు.

వాళ్లు వెళ్లారు. వాళ్ల తెల్ల కారు కదిలే చప్పుడు కోసం చెవులు రిక్కించి ఉన్నాను. ఎంతసేపటికీ ఏమీ వినపడలేదు. నా ఒళ్లు చల్లబడింది. మస్తాన్ వలీ షెడ్డుకి తాళం వేశాడు. వాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారని అప్పుడు అర్థమైంది.