సున్నా కొస

టేపును చివరిదాకా బయటికి లాగి, తడిబట్టను రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా వెనక్కి చుడుతున్నాడు సోమశేఖర్. శనివారం మురుగు మోరీ పక్కన కొలిచినప్పుడు అంటిన బురద పన్నెండో అడుగు దగ్గర పొరలా ఎండిపోయింది. గోటితో గీకాడు. అంకె బయటపడ్డాక మళ్లీ ఓసారి తుడిచి, కిటికీ వెలుగులో పెట్టి చూసుకున్నాడు.

మున్సిపల్ సర్కిల్ ఆఫీసు మొదటి అంతస్తులో, టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో, రెండు బీరువాల మధ్య ఉన్న స్టూలు అతనిది. ఉద్యోగం పేరు చైన్‌మన్. అతను చేరిన కొత్తలో నిజంగానే ఇనుప గొలుసు ఉండేది. భుజాన వేసుకుని నడిస్తే చొక్కా మీద తుప్పు మరకలు పడేవి. గొలుసు పోయింది, పేరు ఉండిపోయింది. పని కూడా ఏమీ మారలేదు. కొలతకు వెళ్లే ఆఫీసరు వెంట వెళ్లాలి. టేపులో సున్నా ఉన్న కొసను గోడ మొదట్లో ఆనించి కదలకుండా పట్టుకోవాలి. అవతలి కొస దగ్గర ఆఫీసరు అంకె చదివి రాసుకుంటారు. ఆ కాగితాల మీద సోమశేఖర్ పేరు ఎక్కడా ఉండదు. ఇరవై తొమ్మిదేళ్లలో ఎంతమంది ఆఫీసర్లు మారారో లెక్క పెట్టుకోలేదు. అందరూ ఇంక్రిమెంట్లతో, ట్రాన్స్‌ఫర్లతో వెళ్లిపోయారు. గోడ మొదట్లో గొంతుక్కూర్చునే మనిషి మాత్రం అతనే.

యాభై తొమ్మిదేళ్లు. పొడుగు మనిషే కానీ నిలబడినా సగం వంగినట్టే ఉంటాడు. మోకాళ్లు లేచేటప్పుడొకసారి, కూర్చునేటప్పుడొకసారి టక్కుమంటాయి. ఎప్పుడో గేటు కింద పడి నలిగిన కుడి బొటనవేలి గోరు నల్లగానే పెరుగుతుంది. పెళ్లి చేసుకోలేదు. చేసుకోనని అన్నదీ లేదు. తల్లి మంచాన ఉన్నన్నాళ్లూ ఆమె పనే సరిపోయింది. ఆమె పోయేసరికి యాభై వచ్చింది, ఇక ఆ మాట ఎత్తేవాళ్లు లేరు. లాల్‌దర్వాజాలో ఒక గల్లీ చివర, ఒంటిగదిలో ఉంటున్నాడు.

సోమవారం ఫిర్యాదుల రోజు. పదిన్నరకల్లా కింది హాల్లో కుర్చీలు నిండిపోయాయి. పైకప్పు ఫ్యాన్లు తిరుగుతున్నా గాలి కిందిదాకా రావడం లేదు. టేబుల్ వెనక ఒక్కో సెక్షన్ నుంచి ఒక్కో ఆఫీసరు. జనాన్ని వరసలో పంపే పని ఇవాళ సోమశేఖర్‌ది. నల్లా నీళ్లు వాసనొస్తున్నాయని ఒకామె సీసాలో పట్టి తెచ్చింది. కుక్కల గురించి ఇద్దరు వచ్చారు. మటన్ షాపు లైసెన్సు పేరు తండ్రి నుంచి తన మీదికి మార్చమని ఒక కుర్రవాడు మూడోసారి వచ్చాడు. సోమశేఖర్ ఎవరినీ ఏమీ అడగడు. చేతిలో కాగితం చూసి, ఏ కుర్చీ ముందుకు వెళ్లాలో వేలితో చూపిస్తాడు.

పన్నెండు దాటాక నందకిశోర్ వంతు వచ్చింది. నలభై ఏళ్లవాడు, తెల్లచొక్కా, నుదుట కుంకుమ. ప్లాస్టిక్ బకెట్లు, మగ్గుల హోల్‌సేల్ వ్యాపారం. టౌన్ ప్లానింగ్ కుర్చీలో ఉన్న అభిజ్ఞ మేడం ముందు కాగితం పెట్టాడు.

"మేడం, మా గల్లీల ఒక అరుగుంది. రోడ్డు మీదికే కట్టిన్రు. ట్రాలీ తిరుగుతలేదు. నా ఒక్కని లొల్లి కాదిది, పొయిన నెల మా గల్లీ వరమ్మకు గుండెనొప్పి వస్తే అంబులెన్సు లోపటికి రాలే. కుర్చీల కూసుండబెట్టి సడక్ దాంక మోస్కపోయినం."

"ఇంటి ఓనర్ ఏమంటున్నారు?"

"ఆయన బయట ఉంటడు మేడం. తీసేసుకోర్రి, నాకేం ఇబ్బంది లేదని రాసిచ్చిండు. చూడుర్రి."

ఇంటి నంబరు మేడం పైకి చదివింది. తలుపు దగ్గర నిలబడ్డ సోమశేఖర్ విన్నాడు. తన గదికి నాలుగిళ్ల అవతల. అమరన్న అరుగు.

అమరనాథ్ ఆ అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని ఇరవై ఏళ్లు దాటింది. వెనకనున్న అద్దెగదిలోనే నివాసం. కొత్తబట్టలు కుట్టడు. వదులైనవి బిగిస్తాడు, బిగుతైనవి వదులు చేస్తాడు, జిప్పులు మారుస్తాడు. బోనాలప్పుడు మాత్రం ఆ గల్లీ జాకెట్లన్నీ ఆయన చుట్టూనే ఉంటాయి. తల్లి పోయిన తర్వాత ఒక సాయంత్రం సోమశేఖర్ గదిలోకి వెళ్లలేక ఆ అరుగు మీద కూర్చుండిపోయాడు. అమరనాథ్ గుడ్డపేలికలు పక్కకు జరిపి చోటిచ్చాడు. ఆ మర్నాటి నుంచి ఆఫీసు నుంచి వస్తూ ఇరానీ హోటల్లో రెండు చాయ్‌లు కవర్లో కట్టించుకోవడం అలవాటైంది. తాగేంతసేపు కూర్చుంటారు. మిషను ఆగదు. ఎండ గురించో, కరెంటు గురించో నాలుగు మాటలు. తొమ్మిదేళ్లు.

ఫోన్ చేసి చెబుదామనుకున్నాడు. అమరన్నకు ఫోన్ లేదు.

"సోమశేఖర్ గారూ, లాల్‌దర్వాజాది ఇప్పుడే చూసొద్దాం. ఇది పెండింగ్‌లో ఉండొద్దు," అంది మేడం.

నడిచే దూరమే. ఆమె ముందు, టేపు సంచీతో అతను రెండడుగులు వెనక. అభిజ్ఞకు ముప్పై కూడా లేవు. పరీక్ష రాసి వచ్చిన పిల్ల, మర్యాదగా మాట్లాడుతుంది. సగం దూరం వెళ్లాక సోమశేఖర్ గొంతు సవరించుకున్నాడు. ఆఫీసులో తన సంగతి తను చెప్పడం అతనికి అలవాటు లేదు.

"మేడం, ఆ అరుగు మీద ఒకాయన మిషిన్ పెట్టుకున్నడు."

"తెలుసా మీకు? ఫ్రెండా?"

ఆ మాట అతను ఎప్పుడూ ఎవరి గురించీ అన్నవాడు కాదు. అంటే ఆమె ఇంకేదో అడుగుతుంది. తన మనిషి కోసం చెబుతున్నాడని అనుకుంటుంది.

"కాదు మేడం," అన్నాడు. "మా గల్లీల ఉంటడు."

ఆమె తలూపి నడిచింది. సోమశేఖర్ టేపు సంచీని ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు.

అమరనాథ్ కళ్లద్దాలకు దారం కట్టుకుని, మిషను మీదికి వంగి ఉన్నాడు. తెల్లటి గడ్డం, బనీను, మడిచి కట్టిన లుంగీ. అలికిడికి తలెత్తి నవ్వాడు.

"ఏంది సోమూ, గీ యాల్లకొచ్చినవ్?"

అప్పుడు మేడంని చూశాడు. నందకిశోర్‌ని చూశాడు. చివరికి సంచీలోంచి బయటికొస్తున్న టేపును చూశాడు. మిషను తొక్కుతున్న పాదం ఆగింది.

"అమరన్నా, మీ మీద నాకు కోపం లేదు," అన్నాడు నందకిశోర్. "ఆ దినం వరమ్మను ఎట్ల మోసినమో మీరు గూడ చూసిన్రు."

"చూసుడేంది, కుర్చీ కోడు ఒకటి నేనే పట్టిన." అమరనాథ్ కళ్లద్దాలు తీసి బనీనుకు తుడుచుకున్నాడు. "దార్ల ఉన్నదన్నది నిజమే."

సోమశేఖర్ గోడ మొదట్లో గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్లు టక్కుమన్నాయి. గోడకు ఆనుకుని పేలికల గోనెసంచి ఉంది. దాన్ని జరపడానికి అతని చేయి లేవలేదు. అమరనాథ్ అరుగు దిగి వచ్చి, సంచిని తానే పక్కకు లాగాడు.

"ఆగు. ఇది తీస్తెగానీ నీకు గోడ అందదు."

గోడ అందింది. టేపు చివరి ఇత్తడి కొక్కెం బొటనవేలి కింద చల్లగా ఉంది. నాలుగంగుళాలు ఇవతల పట్టుకుంటే అవతల నాలుగంగుళాలు తగ్గుతుంది. కానీ దానివల్ల అరుగు నిలవదని అతనికి తెలుసు. అయినా పట్టుకోవచ్చు. ఒక్కసారి, ఈ ఒక్కచోట పట్టుకోవచ్చు. అనుకుంటూ ఉండగానే చేయి ఎప్పటిలాగే కొక్కేన్ని గోడకు అదిమేసింది.

"సున్నా, మేడం," అన్నాడు.

"రెండడుగుల మూడంగుళాలు," అందామె, రాసుకుంటూ. గల్లీ వెడల్పు కూడా కొలిచారు. గురువారం పొద్దున అరుగు కొట్టేసే గ్యాంగ్ వస్తుందని, సామాను తీసుకోవాలని ఆమె అమరనాథ్‌కు నెమ్మదిగా, రెండుసార్లు చెప్పింది. గుర్తు పెట్టే పని సోమశేఖర్‌దే. సంచీలోంచి ఎర్ర పెయింటు డబ్బా, కుంచె తీసి అరుగు అంచు మీద గీత గీశాడు. ఆ రాయి కూర్చుని కూర్చుని నున్నగా అరిగింది. పెయింటు నిలవక జారింది. రెండోసారి గీయాల్సి వచ్చింది. వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు. మిషను చప్పుడు మళ్లీ మొదలవుతుందేమోనని గల్లీ మలుపు దాకా చెవులు అటే ఉంచాడు. మొదలు కాలేదు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేశాడు. నాలుగింటికి ఫైల్ పైకి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ అభిజ్ఞ స్టూలు దగ్గర ఆగి, "ఇవాళ ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. "బాగనే ఉన్న మేడం" అన్నాడు. ఆమె వెళ్లిపోయింది.

ఐదున్నరకు ఇరానీ హోటల్ ముందు ఆగాడు. లోపలివాడు అడగకుండానే రెండు చాయ్‌లు కవర్లో పోసి ముడివేసి, రెండు కాగితం కప్పులతో చేతికిచ్చాడు. తీసుకున్నాడు. ఏం చెప్పాలో దారంతా వెతుక్కున్నాడు. నా పని అది అనాలా? నాకు ముందే తెలుసు, చెప్పలేకపోయాను అనాలా? మేడం అడిగిందానికి తనేమన్నాడో ఆ ఒక్కటీ చెబితే చాలు అనిపించింది. అదే అన్నిటికంటే కష్టంగా ఉంది.

గల్లీ మొదట్లో నందకిశోర్ ట్రాలీ ఆగి ఉంది. లోపలికి రాదు కాబట్టి అక్కడే పెట్టారు. ట్రాలీలో ఒక ట్రంకుపెట్టె, చుట్టిన పరుపు, గిన్నెల మూట ఉన్నాయి. కొంగు నడుముకు దోపుకున్న ఒకామె అమరనాథ్ గదిలోంచి స్టవ్ తెస్తోంది.

"నా బిడ్డ, అనూహ్య," అన్నాడు అమరనాథ్. "సంతోష్‌నగర్ల ఉంటది. ఎన్నేండ్ల సంది రమ్మంటున్నదో. ఇయ్యాల నేనే ఫోన్ చేయించిన."

"గురువారం దాంక టైమున్నది గద అన్నా."

"గునపం సప్పుడు ఇనబుద్ధి అయితలేదు సోమూ." ఎదురుగా కాక, గోడ వైపు చూస్తూ అన్నాడు. తర్వాత మామూలుగా, "చాయ్ తెచ్చినవా? కప్పులల్ల పొయ్ మరి, సల్లారుతది," అన్నాడు.

నిలబడే తాగారు. అరుగు మీద మిషను ఒక్కటే మిగిలింది. ఎర్రగీత దాని కాళ్ల ముందు నుంచే పోతోంది. అనూహ్య బయటికి వచ్చి, కొంగుతో చెమట తుడుచుకుంటూ, "ఈయనెవరు నాయినా?" అంది.

"సోమశేఖర్," అన్నాడు అమరనాథ్, చాయ్ చివరి గుక్క తాగి. "నా దోస్తు."

సోమశేఖర్ చేతిలో కాగితం కప్పు నలిగింది. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా.

"పగటీలి మేడం అడిగితె, నేను..." అన్నాడు.

"ఇడిసిపెట్టు," అన్నాడు అమరనాథ్. "నువ్వు గాకపోతె ఆ టేపు ఇంకొకలు పడుతురు. నువ్వైతే నిమ్మలంగ పట్టినవ్. ఫికర్ జెయ్యకు. ఇగో, గీ మిషిన్ జర అటుదిక్కు పట్టు."

ఇద్దరూ చెరొక వైపు పట్టి ఎత్తారు. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. గల్లీ మొదటిదాకా మూడుచోట్ల దించి, ఊపిరి తీసుకున్నారు. మూడోసారి దించినప్పుడు అమరనాథ్ చంకలోని కాగితం పొట్లాన్ని సోమశేఖర్ చేతిలో పెట్టాడు.

"లలితమ్మ మనవరాలు లేదా, మాన్య? దాని స్కూల్ స్కర్టు. పొట్టిగైందంటె కిందికి ఇడిసిన. పొద్దుగాల ఏడింటికి తీస్కపోతది, నీ రూముల ఉంటదని లలితమ్మకు చెప్పిన. ఉంటవ్ గద?"

"ఉంటన్నా."

"ఒక్క గుండీ ఊడింది, అది గూడ కుట్టిన. చెప్పు."

ముందు సీట్లో అనూహ్య ఎక్కాక ట్రాలీ కదిలింది. అమరనాథ్ సామాన్ల మధ్య ట్రంకుపెట్టె మీద కూర్చుని, ఒక చేత్తో మిషను పట్టుకున్నాడు. రెండో చేయి ఎత్తి ఊపాడో, జుట్టు సవరించుకున్నాడో తెలియలేదు. సడక్ మీది బస్సులూ ఆటోల మధ్యకు వెళ్లి ట్రాలీ కనపడకుండా పోయింది. సంతోష్‌నగర్‌లో ఏ గల్లీయో అడగలేదన్న సంగతి సోమశేఖర్‌కు అప్పుడు తట్టింది. అంత దూరమేం కాదు. బస్సెక్కితే అరగంట. కానీ బస్సెక్కి ఒకరింటికి వెళ్లి, తలుపు తట్టి, ఫలానా అని చెప్పుకోవడం తన వల్ల అవుతుందా అని చాలాసేపు అక్కడే నిలబడి ఆలోచించాడు.

మహంకాళి గుడి గంట, వెనువెంటనే మసీదు అజాన్ వినిపించాయి. గల్లీలో లైట్లు వెలిగాయి. అరుగు దగ్గర ఆగాడు. మిషను కాళ్లు ఉన్న చోట నాలుగు నల్లటి నూనె మచ్చలు. కూర్చోలేదు.

గదిలో లైటు వేశాడు. మంచం, ఒక కుర్చీ, తల్లి ఫోటో. కరెంటు రీడింగ్ తీసే అతను తప్ప ఆ తలుపు తట్టిన వాళ్లు లేరు. కుర్చీ మీద పేరుకుపోయిన పాత పేపర్లు తీసి మంచం కిందికి నెట్టాడు. చీపురు తీసుకుని ఊడ్చాడు. తలుపు మూలల్లో కూడా ఊడ్చాడు. పొద్దున ఆరుకే లేవాలి. లలితమ్మ లోపలికి రాకపోవచ్చు, గడపలోనే అందుకుని వెళ్లిపోవచ్చు. వస్తే మాత్రం కూర్చోమనాలి. పిల్ల కూడా వస్తుందేమో.

మడత నలగకూడదని పొట్లం విప్పి, స్కర్టును హ్యాంగర్‌కు వేసి, కిటికీ పక్కనున్న మేకుకు తగిలించాడు. ఉతికి ఉతికి వెలిసిన నీలం కింద, ఇన్నాళ్లూ మడతలో ఉండిపోయిన రెండంగుళాల బట్ట ఇంకా కొత్తగా, ముదురు నీలంగానే ఉంది.