పప్పు ఉడకని నీళ్లు

తాండూరు బండల లోడుతో విశాఖపట్నం పోయిన లారీ డ్రైవరు బీరప్ప, తిరిగొస్తూ ఒక క్యాను నిండా సముద్రపు నీళ్లు తెచ్చి పెద్దేముల్‌లో భవ్యశ్రీ ఇంట్లో దించాడు. భవ్యశ్రీ తాండూరులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసేసే పద్ధతుల్లో ఏది మేలో వికారాబాద్ సైన్స్ ప్రదర్శనలో తేల్చి చెప్పాలి. గెలిచిన జట్టును విశాఖ తీసుకెళ్తారు. ఆ పిల్ల ఇంతవరకు సముద్రం చూడలేదు.

తప్పంతా ఆమెదే. క్యానును వంటింట్లో తాగునీటి క్యాన్ల పక్కన పెట్టి కాలేజీకి పోయింది. ఆ రోజు కంది కోతకు పదిహేను మంది కూలీలు. నాయనమ్మ దేవమ్మ ఆ నీళ్లే పోసి పప్పు పొయ్యి మీద పెట్టింది. రెండు గంటలైనా బద్ద బద్దలాగే ఉంది. మంట ఎగదోసింది, నీళ్లు ఇగిరినప్పుడల్లా మళ్లీ అదే క్యాను వంచింది. ఆఖరికి నోట్లో వేసుకుని తుపుక్కున ఉమ్మింది. కూలీలు పచ్చిపులుసుతో తిని లేచారు.

సాయంత్రానికి క్యాను అడుగున మూడు లీటర్లు మిగిలాయి.

"అవ్వా, సముద్రమంత పప్పుల పోసినవా!"

"నాకేం ఎర్క బిడ్డా? సముద్రం మూతి మీద పేరు రాసుంటదా? పప్పుడికితే గవి మంచినీళ్లు, ఉడకకపోతే కాదు. గంతే."

భవ్యశ్రీ కోపం అక్కడే ఆగిపోయింది. ఉప్పు కొలిచే మీటరు అంకెలు ఎంతమందికి అర్థమవుతాయి? మెత్తని పప్పు చూపిస్తే ఎవరికైనా తెలుస్తుంది.

మిగిలిన నీళ్లను మూడు భాగాలు చేసింది. మొదటి భాగాన్ని కుక్కర్‌లో కాచి, ఆవిరిని గొట్టంలో చల్లార్చి పట్టింది. నీళ్లు తేటగా వచ్చాయి గానీ గ్యాసు మస్తుగా కాలింది. రెండోది నల్లరంగు పూసిన బండ తొట్టిలో పోసి, అద్దం ఏటవాలుగా కప్పి ఎండకు పెట్టింది. రెండు రోజులకు సీసాడు నీళ్లు. ఖర్చు లేదు, ఓపిక కావాలి. మూడోది, జట్టులో తోడున్న నవీన్ ఇంటి ఫిల్టరు మిషన్‌కు పట్టించారు. అది గుర్రుమంది తప్ప చుక్క రాల్చలేదు.

"మూడో పప్పుల జర తాగే క్యాను నీళ్లు పోసి పెడ్దాం. ఎవరు చూడొచ్చిండ్రు?" అన్నాడు నవీన్.

"పోస్తే గెలుస్తం గావచ్చు. ఆడికి పోయి సముద్రానికి ఏం మొఖం చూపిస్తవ్‌రా?"

వికారాబాద్‌లో ఒక్కో పద్ధతి నీళ్లతో ఉడికించిన పప్పుకు ఒక్కోటి చొప్పున మూడు గిన్నెలు పెట్టారు. జడ్జి జనార్దన్ సార్ మొదటి రెంటిలోని పప్పును వేళ్లతో మెదిపి, మూడో గిన్నె దగ్గర ఆగాడు.

"గిదేందమ్మా, ఖాళీ?"

భవ్యశ్రీ ఆ గిన్నెను ఆయన ముందుకు జరిపింది. "ఓడిపోయిన గిన్నె సార్. ఇంటి ఫిల్టరు బలం సముద్రపు ఉప్పుకు చాలదు. పది రెట్ల ఒత్తిడి గావాలె. పట్నానికి నీళ్లియ్యాలంటే గంత పెద్ద పంపు పెట్టి గిదే పద్ధతి మేలు. ఒక్క ఇంటికి తాగేటందుకైతే ఎండ మేలు. కాచుడుకైతే గ్యాసు ఖర్చు తట్టుకోలేం."

"పొద్దటి సంది అందరివి గెలిచినవే చూసిన," అని నవ్వి సార్ ఏదో రాసుకున్నాడు.

సాయంత్రం గెలిచిన జట్టు పేర్లు చదివారు. మొదటి పేరు భవ్యశ్రీది, రెండోది నవీన్‌ది. ఆమె ఇంటికి ఫోన్ చేసింది.

"అవ్వా, విశాఖ పోతున్నం!"

"సముద్రం మన కోట్‌పల్లి ప్రాజెక్టు కన్న పెద్దగుంటదా బిడ్డా?"

"చూసొచ్చి చెప్త."

"చెప్పుడెందుకు? బస్సుల నాకు కూసునే జాగ ఉంటదేమో మీ సార్‌ను అడుగు."