రంగుల వారీగా

ఆ వీధిలో ఆమెను అందరూ ముక్కలావిడ అనేవారు. పేరుకు బొంతలు కుట్టేది గానీ, ప్రాణమంతా కుట్టగా మిగిలిన గుడ్డముక్కల మీదే ఉండేది. చిటికెన వేలంత పీలికైనా సరే, చెత్తబుట్టలో వేస్తే ఊరుకునేది కాదు. ఇదెందుకు పనికొస్తుందని కొడుకు వేళాకోళం చేస్తే, పనికొచ్చిన రోజు చెబుతాననేది. ఆ రోజు ఎప్పుడో ఒకప్పుడు వచ్చేది కూడా, అప్పుడు పిలిచి మరీ చూపించేది.

ముక్కల్ని నాలుగు పాత దిండు గలీబుల్లో దాచేది. బాగా ఉతికి ఆరేసి, ఇక ముడుచుకుపోయే భయం లేని మెత్తటి నూలుముక్కలు ఒకదానిలో. ఇంకా నీళ్ళ మొహం చూడని కొత్తవి, రంగు దిగేవి ఇంకోదానిలో. వేళ్ళమధ్య నిలవకుండా జారిపోయేవి, అంచులకు తప్ప దేనికీ పనికిరానివి మూడోదానిలో. మరీ చిన్న పీలికలు, బొంత లోపల కూరడానికి, నాలుగోదానిలో. పైన చీటీ లేదు, గుర్తు లేదు. చూసేవాళ్ళకు నాలుగూ ఒకేలాంటి చిందరవందర. ఆమె మాత్రం చెయ్యి పెడితే చాలు, ఏ గలీబో చెప్పేసేది. ఈ పద్ధతి ఇంట్లో ఎవరికీ ఎన్నడూ చెప్పలేదు. తనకు తెలిసింది లోకమంతటికీ తెలిసే ఉంటుందనుకునే రకం ఆవిడ.

చెల్లెలి మోకాలికి ఆపరేషనైతే సాయం వెళ్ళి, కొన్నాళ్ళుండి తిరిగొచ్చింది. వచ్చి చూస్తే అలమారా పైన గలీబులు లేవు. వాటి స్థానంలో ప్లాస్టిక్ డబ్బాలు వరసగా ఉన్నాయి. ఎరుపులన్నీ ఒకదానిలో, నీలాలన్నీ ఒకదానిలో, తెలుపులు, పచ్చలు, పసుపులు వేటికవే. కొట్లో సరుకు సర్దినట్టు ముచ్చటగా ఉన్నాయి. ఆమెకు మాత్రం పైప్రాణాలు పైనే పోయాయి.

ఎవరు చేశారిదని అడిగింది. కోడలు వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గరే ఆగింది.

"మీరే కదత్తయ్యా, వెళ్ళేముందు రంగుల వారీగా సర్దమన్నారు?"

ముక్కలావిడ ఒక డబ్బా మూత తీసి చూసి, మళ్ళీ మూసేసింది. తనా? రంగుల వారీగానా? రంగు చూసి ముక్కలు సర్దేవాళ్ళను జీవితమంతా ఎగతాళి చేసిన మనిషి తను. అలాంటిది ఆ మాట ఎప్పుడంది, ఎక్కడ నిలబడి అంది? బస్సుకు బయల్దేరే హడావిడిలోనా? ఎంత తవ్వుకున్నా ఏమీ తగల్లేదు. అలా అని కోడలు అబద్ధం చెబుతుందని కూడా అనిపించలేదు. నోరు కాస్త పెద్దదే గానీ కల్లబొల్లి మాటల పిల్ల కాదు.

అక్కడ పట్టుకుంది భయం. ఆమె తల్లికి చివరి రోజుల్లో మతి జారిపోయింది. మొదట మాటలు మరిచింది, తర్వాత మనుషుల్ని మరిచింది. ఒక పొద్దున అన్నం తినిపిస్తున్న సొంత కూతుర్నే చూసి, "ఎవరమ్మా నువ్వు, మంచిదానిలా ఉన్నావు" అంది. ఆ మాట ఇప్పటికీ ముక్కలావిడ చెవుల్లోనే ఉంది. తన వంతు వచ్చేసిందా అనుకుంది.

ఇక చూడండి, భయపడే మనిషికి సాక్ష్యాలకు కొదవా? కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికింది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. ఇదివరకైతే ఇలాంటివి చేసి కోడలి మీదికి తోసేసి హాయిగా ఉండేది. ఇప్పుడు ఒక్కొక్కటీ మనసులో రాసిపెట్టుకుంది. కొడుకుతో చెబితే, వయసన్నాక మామూలేనమ్మా అన్నాడు. ధైర్యం చెబుదామనే అన్నాడు పాపం, అగ్గికి ఆజ్యం పోశాడు. ఆ రోజు నుంచి ఆమె ఏమన్నా ఊఁ కొట్టడం మొదలెట్టాడు. కోడలూ అంతే. రోజుకొక్కసారైనా అత్తతో మాటామాటా అనుకోనిదే పొద్దుపోని పిల్ల, ఇప్పుడు "అలాగేనత్తయ్యా", "మీ ఇష్టమత్తయ్యా" తప్ప ఇంకో మాట లేదు. టీ చల్లారిందంటే మారుమాట్లాడకుండా వేడిచేసి తెచ్చేది. ఆ మర్యాదే ముక్కలావిడను మరీ భయపెట్టేది.

పక్కింటి నర్సుకు నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డకు బొంత కుట్టి ఇస్తానని ముక్కలావిడ ఎప్పుడో మాటిచ్చింది. సరే, చెయ్యి పనిలో పెడితే బుర్ర కుదుటపడుతుందని కూచుంది. తెలుపు డబ్బాలోంచి తెలుపులు, ఎరుపు డబ్బాలోంచి ఎరుపులు తీసింది. ఒక ఎరుపుముక్క వేళ్ళకు బిరుసుగా తగిలింది. గంజి కూడా పోలేదు, ఇది ఉతకనిది అన్నాయి వేళ్ళు. కానీ చెప్పిన మాటే మరిచిన మనిషికి ఉతికిన సంగతి గుర్తుంటుందా? ఉతికే ఉంటాను, మరిచిపోయి ఉంటాను అనుకుంది. తన వేళ్ళ మాట తనే నమ్మలేదు. కుట్టేసింది.

పూర్తయ్యాక బొంతను బకెట్లో ముంచితే నీళ్ళు ఎర్రబడ్డాయి. తెల్లముక్కలన్నీ వెలిసిన గులాబిరంగు మరకలతో పైకి తేలాయి. ఆమె బకెట్ పక్కనే చతికిలబడింది. ఉతకని ఎరుపును తెలుపు పక్కన పెట్టడం నిన్నగాక మొన్న సూది పట్టినవాళ్ళు చేసే పని. లేచి, నడుముకు చుట్టిన గుడ్డలోంచి కత్తెర తీసి కోడలి చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గరే ఉంచమ్మా. నేనడిగినా ఇవ్వకు."

కోడలి మొహం పాలిపోయింది. కత్తెర పట్టుకునే బావురుమంది.

"మీరేం చెప్పలేదత్తయ్యా, నేనే అబద్ధమాడాను. అలమారా పైనుంచి సూట్‌కేసు తియ్యబోతే గలీబులన్నీ జారి మీద పడ్డాయి. ముక్కలన్నీ కలిసిపోయాయి. ఏవి దేన్లోవో తెలీక రంగులు చూసి సర్దేశాను. మీరు తిడతారని నోటికొచ్చింది అనేశాను. ఇంత దూరం వస్తుందనుకోలేదు."

ముక్కలావిడ ఎగిరి గంతెయ్యాలి నిజానికి. వెయ్యలేదు. ఇంకో అనుమానం వచ్చి కూచుంది. ఈ పిల్ల ఇన్నాళ్ళుగా తన మాటకు ఎదురు చెప్పడమే మానేసింది. ఇప్పుడు తన అవస్థ చూడలేక, చెయ్యని తప్పును నెత్తినేసుకుంటోందేమో? అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెబుతున్నది అబద్ధమా? మొదటిదైతే తన బుర్ర భేషుగ్గా ఉన్నట్టే. రెండోదైతే తల్లి దారే తనదీ. నిజం చెప్పమని అడిగింది. నిజమేనంది కోడలు. జాలిపడేవాళ్ళు కూడా ఆ మాటే అంటారు కదా, ఇందులో తేలిందేముంది?

ఏం చెయ్యాలో తోచక తిట్టడం మొదలుపెట్టింది. ఇంత పని చేస్తావా అంది. తప్పేనత్తయ్యా అంది కోడలు, తల వంచుకుని. నీకు ఒళ్ళు వంగదంది. నిజమేనత్తయ్యా అంది కోడలు. మతిలేనివాళ్ళను సముదాయించేది ఇలాగే. తల్లి ముందు తనూ ఇలాగే తల వంచుకు నిలబడేది. ఇక ఆగలేకపోయింది. నోటికి ఏదొస్తే అది అనేసింది. మీ అమ్మ నీకు పని నేర్పలేదంది, నా బతుకుతెరువు చెడగొట్టాలని కావాలనే కలిపేశావంది.

కోడలు తలెత్తింది.

"కావాలనా? ముక్కముక్కా ఏరి సర్దేసరికి నా నడుం పడిపోయింది. అసలు ఆ గలీబుల్లో ఏది ఏమిటో ఈ ఇంట్లో ఎవరికైనా ఒక్కనాడు చెప్పారా? మీ మనసులో ఉన్నది మాకు కలలోకొస్తుందా? నన్నేమైనా అనండి, పడతాను. మధ్యలో మా అమ్మనంటారెందుకు?"

ముక్కలావిడ ఒళ్ళంతా వేడెక్కింది. సంతోషమో కోపమో తెలియలేదు, రెండూ అయ్యుండాలి. గొంతు పెంచి, అలమారా పైన సూట్‌కేసు పెట్టమని ఎవడు చెప్పాడని అడిగింది. మీ అబ్బాయినే అడగండని కోడలు అంతకంటే గట్టిగా అంది. ఆ గోలకు కొడుకు పరుగెత్తుకొచ్చాడు. పెళ్ళాం భుజం మీద చెయ్యివేసి, అమ్మ పరిస్థితి తెలిసి కూడా ఏమిటిదని, ఊఁ అనేస్తే పోతుంది కదా అని మెల్లగా చెప్పబోయాడు.

"నువ్వవతలికి పోరా," అంది ముక్కలావిడ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "దాన్ని దెబ్బలాడనీ. ఇన్నాళ్ళకి నాతో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడుతోంది."